ఎనభై మూడు

రేడియోలో ఎర్సీలియా గొంతు సగంలో తెగింది.
"మీటరు ఎనభై మూడంటోంది, ఇల్లు మాత్రం..."
అంతే. తర్వాత అంతా గరగర.

నూట పది కిలోమీటర్ల కంకర దారి.
ఈ పాటగోనియా పీఠభూమి మీద
గాలి ఆనుకోవడానికి ఒక్క చెట్టు లేదు,
అందుకని నా పికప్‌ని ఆనుకుంది.
సెప్టెంబరంటే ఇక్కడ చలికాలపు తోక,
కొసన ఇంకా మంచు అంటుకునే ఉంటుంది.
సోలారు పలకల మీది మంచును
ఆవిడ చీపురుతో ఊడ్చి ఉంచింది.

లోపల ఇన్వర్టరు చచ్చి పడి ఉంది.
గోడమీద గుండ్రటి మీటరు మాత్రం
నీలం వెలుగులో, నవ్వు మొహంతో:
ఎనభై మూడు.
ఇంత ధీమాగా బొంకేవాణ్ణి నేను
ఉన్ని వ్యాపారుల్లో కూడా చూడలేదు.

పాపం, బొంకడం కాదు.
దానికి తెలిసిన పని ఒకటే,
గుమ్మంలో కూర్చుని
వచ్చేవాళ్ళనీ పోయేవాళ్ళనీ లెక్కపెట్టడం.
లోపల ఎందరున్నారో అది ఎన్నడూ తొంగిచూడదు.
ఆగస్టు మొదట్లో ఎండ కాసిన ఒకరోజు
బ్యాటరీ పొంగేదాకా నిండితే
నూరు అని రాసుకుంది.
అప్పట్నుంచీ ఆ పాత పద్దు మీదే
కూడుతోంది, తీసేస్తోంది.

మూతలు విప్పాను. పన్నెండు గదులు.
హైడ్రోమీటరు గొట్టంలోకి ఆసిడ్ పీల్చి
లోపలి బెండు ఎక్కడ ఆగుతుందో అని
ఊపిరి బిగబట్టాను.
ఆగలేదది. అడుగుకి పోయి కూర్చుంది.
ఒకటి పాయింటు ఒకటి మూడు.
చలికి చెయ్యాల్సిన సవరణ చేసినా
ముప్పై శాతం కూడా లేదు.

"మరి మిగతాది ఎవరు తిన్నట్టు?"
ఎర్సీలియా నాహుయెల్కిర్ అడిగింది
నన్ను కాదు, మీటరుని.

పదకొండేళ్ళ మనవడు లెయాంద్రో
బూటు ముక్కుతో నేల గీస్తున్నాడు.

అప్పుడు కనిపించింది ఒక సన్నటి తెల్ల తీగ.
అన్ని తీగలూ షంట్ అనే ఇత్తడి పట్టీ గుండా
బుద్ధిగా వరసలో వెళుతుంటే
ఇదొక్కటి నేరుగా బ్యాటరీ బోల్టుకి చుట్టుకుని
తలుపు కింద దూరి, మంచులో పాకి,
కొట్టంలోకి పోయింది.
వెంట పోయాను.
ఆపిల్ పండ్ల పెట్టె, అందులో పాత స్వెటరు,
ఇరవై వాట్ల బల్బు కింద
తల్లులు చచ్చిన మూడు గొర్రెపిల్లలు,
ఒకదాని చెవి ఇంకొకదాని నోట్లో.

వాడు దొంగిలించలేదు.
చేతికి దగ్గరగా ఉన్న బోల్టు అది, అంతే.
గుమ్మంలోని లెక్కలవాడికి
పెరటి దారి ఒకటుందని ఎవరు చెప్పాలి?

పెట్టె మూత మీద సుద్దతో వేశాను:
రాత్రికి పన్నెండు ఆంపు-గంటలు,
పద్దెనిమిది రాత్రులు,
రెండు వందల పదహారు.
నాలుగు వందల బ్యాంకులో సగం పైమాట.
లెక్క తెగినప్పుడు కలిగే
ఆ సిగ్గుమాలిన సంతోషం నాకు కలిగింది.

తీగ పీకలేదు.
జానెడు పక్కకి జరిపి, పట్టీకి అవతల బిగించాను.
మీటరుకి కొత్త అంకె నేర్పాను: ఇరవై తొమ్మిది.
"ఇప్పుడు దానికి పిల్లలు కనిపిస్తాయా?" లెయాంద్రో.
"కనిపించవు. అవి కాచుకునే వెచ్చదనం కనిపిస్తుంది."

ఎర్సీలియా ఆ అంకె వంక
బాకీ చీటీని చూసినట్టు చూసింది.
"ఎనభై మూడే నయం. నిద్రన్నా పట్టేది."

హైడ్రోమీటరు ఆవిడకే ఇచ్చి వచ్చాను.
నెలకోసారి మీటరుని దీనితో సరిచూడమన్నాను.
ఏప్రాన్ మీద అప్పుడే పడ్డ ఆసిడ్ చిల్లులో
వేలు పెట్టి చూసుకుంటూ అంది:
"దీన్ని నమ్ముతాను. ఇది కాలుస్తుంది."

తిరుగు దారిలో ముప్పయ్యో కిలోమీటరు దగ్గర
పికప్‌లో పెట్రోలు ముల్లు సగం మీద నిలబడి ఉంది.
చాలాసేపట్నుంచీ అక్కడే నిలబడి ఉంది.
ఇంజను ఆపి, గాలిలోకి దిగి,
ట్యాంకు మీద వేలి కణుపులతో కొట్టి
చెవి ఆనించాను.